పుత్రకృతకము: శాకుంతలమునందలి లేడికూనను గూర్చిన విచారము

నాటకములలో శాకుంతలము మేలనియు, నందు నాలుగవ యంకము మేలనియు, నందును నాలుగు శ్లోకములు మేలనియుఁ బండితలోకమున నొక సూక్తి వాడుకలో నున్నది. ఆ నాలుగు నేవి యను విషయమున మతభేదములు గలవుగాని, లేడికూనను గూర్చి కణ్వుఁడు చెప్పిన శ్లోకమును వానిలోఁ జేర్చువారు అరుదు. కన్యను బంపునప్పటి తండ్రిదుఃఖమును, అత్తవారింట మెలఁగవలసిన తెఱఁగును దెల్పు శ్లోకములే తఱచుగా గణింపఁబడుచున్నవి. పాఠశాలలలో నీయంకమును బోధించునపుడును, లేడికూన కొంగుపట్టి లాగుటను ఒక ముచ్చటగాఁ జెప్పి సాగిపోవుట పరిపాటి. ఐదవ యంకమున శకుంతల యా లేడికూనను రాజునకు జ్ఞప్తిచేయఁబోఁగా, నది యల్పవిషయమనియు, ఉంగరము పోయినపిదప వేఱుదారి గానక యామె పలికిన పలుకనియుఁ గొందఱు తేల్చివేయుదురు. నామతమున నీ లేడికూన నాటకమున కలంకారమాత్రము గాదు. దుష్యంతుని నడవడిని తూఁచుటకుఁ గవి చేతికిచ్చిన త్రాసిది. దీనిని నిరూపించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

సన్నివేశమును మొదట స్మరింతము. శకుంతల పయనమగుచు, పర్ణశాలచెంత మెలఁగుచు గర్భభారమున మెల్లగా నడచు నొక యాఁడులేడిని జూపి, యది సుఖముగా నీనినపుడు తనకు వార్త పంపవలయునని తండ్రిని గోరును. అంతలో నెవ్వరో తన చీర పట్టి లాగినట్లయి వెనుదిరుగును. అది యామె పెంచిన కూన. దర్భమొనలు గ్రుచ్చుకొని దాని నోరు పుండుపడినపుడు శకుంతల యింగుదీతైలము, అనఁగా గారనూనె, పూసి మాన్పినదనియు, శ్యామాకములు, అనఁగా చామలు, పిడికెఁడేసి పెట్టి పెంచినదనియు, నది యామెకుఁ బెంపుడుకొడు కనియు, అందుచే నామె దారి విడువకున్నదనియుఁ గణ్వుఁడు చెప్పును. అప్పుడు శకుంతల దానితో మాటాడును. ఈనిన కొలఁదికాలమునకే తల్లి పోఁగా తాను పెంచితి ననియు, ఇఁకఁ దాను లేకున్నను తండ్రి చూచుకొనుననియుఁ జెప్పి, మరలిపొమ్మని యేడ్చును. గర్భవతియైన లేడి, తల్లిలేని కూన, గర్భవతియైన శకుంతల, ఈ మువ్వురను గవి యొక్కచో నిలిపినాఁడు. ఇది యాదృచ్ఛికమని తలంపరాదు.

1. పదవిచారము

కణ్వుఁడు కూనను జెప్పుటకు వాడిన పదములు రెండు: పరివర్ధితకము, పుత్రకృతకము. రెండును 'క' ప్రత్యయాంతములు. ఛందోనుసారముగా వచ్చిన పూరణమని దీనిని ద్రోసిపుచ్చరాదు. పాణినీయమున ననుకంపార్థమందుఁ 'క' ప్రత్యయము విహితము (5-3-76). ఈ సూత్రమునకుఁ గాశికావృత్తి, కారుణ్యముచే నొరుని నాదుకొనుటయే యనుకంపయని యర్థము చెప్పి, పుత్రక, వత్సక, దుర్బలక, బుభుక్షితక శబ్దముల నుదాహరించినది. కొడుకు, దూడ, బలములేనివాఁడు, ఆఁకలిగొన్నవాఁడు: వృత్తికారుఁడు వేర్వేఱుగాఁ జూపిన యీ నలుగురును మన లేడికూనయం దొక్కటిగాఁ గూడియున్నారు. వ్యాకరణమున నీ ప్రత్యయమున కెవ్వరు పాత్రులో, కావ్యమున వారికే యది యీయఁబడినది.

ఇఁక పుత్రకృతకశబ్దము. విశేషణము పూర్వమున నుండుట సామాన్యవిధి (2-1-57) కావునఁ గృతకపుత్రుఁ డనవలసియుండును. మయూరవ్యంసకాదులలోఁ (2-1-72) జేర్చి విశేషణమునకుఁ బరనిపాతము సాధింపవచ్చును. అట్లు సాధించినచోఁ 'గల్పితపుత్రుఁడు' అను నర్థము వచ్చును. ఆ యర్థమున బొంకు పుత్రుఁడను చాయ కొంత తగులును. నాకు వేఱొక మార్గము సమంజసముగాఁ దోఁచుచున్నది. పుత్రుఁడుగాఁ జేయఁబడినది పుత్రకృతము; దానిపై ననుకంపార్థకమైన 'క' వచ్చి పుత్రకృతకమైనది. శ్రేణ్యాదులు కృతాదులతో సమసించునపుడు (2-1-59) తోఁచు చ్వ్యర్థమే, అనఁగా కానిదానిని అగునట్లు చేయుట యను నర్థమే, యిచ్చటను సంగతము. శ్రేణ్యాదిగణమునఁ బుత్రశబ్దము పఠితము గాదందురేని, సుప్సుపాసమాసము చాలును. ఈ వ్యుత్పత్తిలోఁ గృతకత్వము కల్పన గాక, చేత యగును. శకుంతల చేతితోఁ జేసినది. ఆ చేతఁ బుత్రుఁడైనది. నూనె పూయుట, చామలు పెట్టుట యను రెండు పనులును శ్లోకమున ముందు చెప్పఁబడుట యిందుకు సాక్ష్యము. పనిని జూపి, పిదప బంధుత్వమును జెప్పుట కవి యుద్దేశించిన క్రమము.

2. పోషణవిచారము

తల్లి పోయిన లేడికూనకు ధాన్యము పెట్టి పెంచుట ప్రకృతివిరుద్ధముగదా యని యొక యాక్షేపము రావచ్చును. దీనిని బరిహరింపక ముందునకుఁ బోరాదు. కవి ప్రకృతి నెఱుఁగక వ్రాసెనేని మన విచారమంతయు బలహీనమగును.

నెమరువేయు జంతువుల పిల్లలకుఁ బుట్టినపుడు ధాన్యము నరిగించుకొను శక్తి యుండదు. కూన పాలు చప్పరించునపుడు కంఠమునుండి యొక గాఁడి మూసికొని యేర్పడి, పాలు మొదటి సంచిలోఁ బడక తిన్నగా నాలుగవ సంచిని జేరును. గడ్డి కొఱుకుట కొన్నివారములలో నారంభించిన కొలఁది మొదటి సంచి పెరుఁగును. ఆ పిదపనే గింజలు హితములు. అప్పుడును మితి మీఱినచోఁ గడుపు పులిసి ప్రాణాపాయము కలుగును. మఱియు నీజాతులలోఁ దల్లి రక్తమునందలి రోగనిరోధకద్రవ్యములు గర్భమునందు పిండమునకుఁ జేరవు. పుట్టిన తొలిగంటలలోఁ ద్రావు ముఱ్ఱుపాలవలననే యవి సంక్రమించును. జింకజాతుల పాలలోఁ గొవ్వును మాంసకృత్తులును ఆవుపాలకంటె నధికములు గావున, నావుపాలతోఁ బెంచుటయు సులభమైన పని గాదు.

ఇప్పుడు కవి మాటలను మరలఁ జూడుఁడు. తల్లి ప్రసవమునందే పోయినదని కవి చెప్పలేదు. ఈనిన కొలఁదికాలమునకుఁ బోయినదని చెప్పినాఁడు. కావున ముఱ్ఱుపాలు కూనకు దక్కినవని యూహించుట కవకాశ మున్నది. శ్యామాకములవలనఁ బ్రాణము నిలిచినదని చెప్పలేదు, పరివర్ధితమైనదని చెప్పినాఁడు. బ్రతికించుట వేఱు, పెరిఁగించుట వేఱు. ముష్టిశబ్దమును గమనింపుఁడు. గంపలతోఁ బోయలేదు, పిడికెఁడు పిడికెఁడుగాఁ బెట్టినది. దర్భలు గ్రుచ్చుకొని నోరు పుండుపడుట కూన గడ్డి కొఱుక నేర్చుకొనుచున్న వయస్సును సూచించుచున్నది. పాలు విడిచి మేఁతకు మరలు సంధికాలమును గవి పట్టుకొన్నాఁడు. కావున నాక్షేపమునకు నిలువు లేదు.

అయినను, పాలను గూర్చి కవి మౌనము వహించుట యాలోచింపఁదగినది. రఘువంశము రెండవ సర్గమున దేవదారువృక్షమును శివుఁడు కొడుకుగాఁ జేసికొనెననియు, కుమారస్వామి తల్లి బంగారుకుండ లను స్తనములతో దానికిఁ బాలిచ్చెననియు నీతఁడే వర్ణించినాఁడు. కుమారసంభవము ఐదవ సర్గమునఁ బార్వతి మొక్కలకు నీరువోయుటయు నిట్లే వర్ణితము. చెట్లకు స్తన్యమును రూపకముగా నిచ్చిన కవి, స్తన్యము నిజముగాఁ గావలసిన కూనయెడ దానిని బేర్కొనలేదు. పాలన్నచో శ్రోత మనస్సు చనిపోయిన లేడి వైపునకుఁ బోవును. పిడికెఁడు చామలన్నచో శకుంతల చేతివైపునకు వచ్చును. చేయి కవికిఁ గావలసినది. ఐదవ యంకమున నా చేతితోనే పని యున్నది.

ఋషుల యాశ్రమములలో మృగపోషణము కాళిదాసునకుఁ బరిచితమైన వర్ణ్యవస్తువు. రఘువంశము మొదటి సర్గమున నివ్వరిధాన్యములోఁ బాలు పొందుట కలవాటుపడిన లేళ్లు ఋషిపత్నుల బిడ్డలవలెఁ గుటీరద్వారముల నడ్డగించును. ఐదవ సర్గమున రఘుమహారాజు కౌత్సుని, మునుల యొడిలోఁ బడుకొనఁగా బొడ్డుత్రాడు రాలిన లేడిపిల్లలు క్షేమమా యని యడుగును. మన కోలాచలము మల్లినాథసూరి యచ్చట, క్రూరజంతువుల భయముచే మునులు పదిరాత్రులు వానిని ఒడియందే యుంచుకొందురని కారణము చెప్పినాఁడు. పురిటి దినములు పదింటిని ముని యొడి కాచును. ఒక రాజు వేఱొక యాశ్రమపు లేడిపిల్లల క్షేమము నడుగుట రాజధర్మముగాఁ జూపినవాఁ డీకవి. అట్టి కవి సృష్టించిన దుష్యంతుఁడు లేడిని దఱుముచు రంగమునఁ బ్రవేశించుటయు, ఆశ్రమమృగమును జంపరాదని వైఖానసుఁడు వారించుటయు మనము మఱవరాదు.

ఈ యాచారము కావ్యములకే పరిమితమైనది గాదు. రాజస్థానమున 1485వ సంవత్సరమున గురు జంభేశ్వరుఁడు నెలకొల్పిన బిష్ణోయి సంప్రదాయమువారు 29 నియమములను బాటింతురు. భూతదయ వానిలో ముఖ్యము. 1730వ సంవత్సరమున ఖేజర్లీగ్రామమున జమ్మిజాతి వృక్షములను గాపాడుటకై 363 మంది ప్రాణములిచ్చినది వీరిలోనివారే. తల్లిలేని జింకపిల్లలకు వీరి స్త్రీలు తమ బిడ్డలతోపాటు చన్నిచ్చుట నేఁటికిని బ్రసిద్ధము. పుత్రకృతకశబ్దమునకు నింతకంటె సాక్షాత్తయిన యర్థము వేఱులేదు. అయితే గడ్డిలో నొంటరిగాఁ బడుకొన్న ప్రతి జింకపిల్లయు ననాథ గాదు. తల్లి పిల్లను గడ్డిలో దాఁచి, మేఁతకుఁ బోయి, పాలిచ్చుటకు మరలివచ్చుట యీజాతుల స్వభావము. అది యెఱుఁగక యెత్తుకొనిపోవుట దయ పేరిట బిడ్డను దల్లికిఁ బాపుటయే. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణచట్టము ననుసరించి మనదేశమున ననుమతిలేక వీనిని బట్టి పెంచరాదు. కాళిదాసుఁడు తల్లి మరణమును శకుంతల నోటనే చెప్పించుట యీదృష్టితోఁ జూడ నెంత యావశ్యకమో తెలియును. ఆమె యొక తల్లినుండి బిడ్డను గొనలేదు. తల్లి లేని చోటునఁ దాను నిలిచినది.

3. నీరు, కోకిల

ఇఁక నైదవ యంకము. ఉంగరము గానరాకపోఁగా శకుంతల యొక పూర్వవృత్తాంతమును జెప్పును. ఒకనాఁడు నవమాలికామండపమునఁ దామరాకుదొన్నెలో నీరు దుష్యంతుని చేత నుండెను. అంతలో నామె పుత్రకృతకమైన దీర్ఘాపాంగ మను లేడికూన వచ్చెను. ముందిది త్రావునుగాక యని రాజు దయతో దానిని బిలిచెను. పరిచయము లేమి నది యాతని చేతికి రాలేదు. ఆ నీటినే శకుంతల పట్టఁగాఁ ద్రావెను. అప్పుడు రాజు నవ్వి, యెల్లవారును దమవారినే నమ్ముదురు, మీ రిరువురు నడవివారే గదా యనెను.

ప్రచారమున నున్న పాఠమున నిచ్చటను బుత్రకృతకశబ్దమే ప్రయుక్తము. నాలుగవ యంకమునఁ గణ్వుఁ డన్నమాటను ఐదవ యంకమున శకుంతల యనుచున్నది. ఇచ్చటనే రాజునకుఁ 'దయగలవాఁడు' అను నర్థమున ననుకంపి యను విశేషణమును శకుంతల వాడినది. వైయాకరణుఁడు 'క' ప్రత్యయమునకుఁ జెప్పిన యర్థము, అనుకంప, నాటకమున స్వశబ్దముననే యుచ్చరింపఁబడినది. ఒకప్పుడు నీయందు నుండిన యనుకంప యిప్పు డేమైనదని యామె యడుగుచున్నట్లు నే నెంచెదను.

ఈ వృత్తాంతమును అల్పమనువారు గమనింపవలసిన దొకటి గలదు. ఉంగరము రాజు పేరు గలది. ఎవరిచేతఁ బడినను నదియే గుఱుతు. చేఁపకడుపునఁ బడి, జాలరిచేతి కెక్కి, తుదకు రాజును జేరినను గుఱుతుగానే పనిచేసినది. లేడికూన యట్లు గాదు. అది చేతినిబట్టి మనుష్యు నెఱుఁగును. నీ రొకటే, దొన్నె యొకటే. చేయి మాఱఁగాఁ ద్రావినది. శకుంతల సభలో నుంగరమునకు బదులుగా నీ గుఱుతును నిలిపినది. రాజశాసనమునకుఁ జెల్లునది మొదటిది. ఆశ్రమమునకుఁ జెల్లునది రెండవది. రాజు రెండవదానిని జదువలేకపోయెను. శాపమువలన మఱపు గలిగినదందుము. మఱపు శాపకృతమే కావచ్చును. ఆపిదప నాతఁ డాడిన మాట మాత్రము శాపకృతము గాదు. అది యాతని బుద్ధినుండి వచ్చినది.

ఆ మాట కోకిలను గూర్చినది. తపోవనమునఁ బెరిగిన యీ పిల్ల మోసము నెఱుఁగదని గౌతమి చెప్పఁగా, మనుష్యేతరములందును ఆఁడుజాతికి నేర్పకయే మోసము వచ్చుననియు, కోకిలలు తమ పిల్లలను, ఎగుర నేర్చువఱకు నితరపక్షులచేఁ బెంచికొనుననియు రాజు పలికినాఁడు. ఇది సామాన్యమైన యెత్తిపొడుపు గాదు. గర్భవతియై వచ్చిన స్త్రీతోఁ గోకిల మాట యాడుటలో, నీ కడుపులోని బిడ్డ యొరులది, దానిని నాగూటఁ బెట్టవచ్చితివి యను నింద యిమిడియున్నది. లేడికూన పోషణమును జెప్పి శకుంతల తన సత్యమును నిలుపఁజూచినది. రాజు పరజాతిపోషణమునకే వేఱొక యుదాహరణము తెచ్చి దానిని బొంకుగాఁ ద్రిప్పినాఁడు. దెబ్బకు దెబ్బగా నుదాహరణములు నిలిచిన యీ యమరిక కవి బుద్ధిపూర్వకముగాఁ జేసినది.

ఇచ్చట నమరకోశమును జ్ఞప్తికిఁ దెచ్చుకొందము. కోకిలకుఁ బరభృతమని పేరు. కాకికిఁ బరభృత్తు అని పేరు. రెంటికి ధాతు వొకటే, భృఞ్. ఒకట కర్మార్థమునఁ 'క్త' ప్రత్యయము, వేఱొకటఁ గర్త్రర్థమునఁ 'క్విప్' ప్రత్యయము. పరునిచే భరింపఁబడునది మొదటిది, పరుని భరించునది రెండవది. కోకిల గ్రుడ్డును గాకి పొదిగి పిల్లను బెంచుట మన తోఁటలలో నందఱు నెఱిఁగినదే. కోకిల మోసమును బట్టుకొన్న రాజు కాకి పోషణమును జూడలేదు. పరభృతశబ్ద మున్నచోటఁ బరభృచ్ఛబ్దము నుండవలయుఁగదా! సభలో నాతనియెదుట నిలిచిన గౌతమియు, శార్ఙ్గరవుఁడును, వారిని బంపిన కణ్వుఁడును బరభృత్తులు. మేనక విడిచిపోయిన బిడ్డను బెంచినవారు వారే.

4. పోషకుఁడు తండ్రి

వ్యాసభారతము ఆదిపర్వమున నీ భావము మఱింత స్పష్టము. మేనక మాలినీతీరమున శిశువును విడిచిపోఁగాఁ బక్షులు చుట్టుఁజేరి మాంసభక్షకములనుండి కాచినవి. శకుంతములచేఁ గావఁబడినది కావున శకుంతల యని కణ్వుఁడు పేరిడెను. శకుంతములచే గ్రహింపఁబడినది యని, 'లా ఆదానే' యను ధాతువునుండి వైయాకరణులు దీనిని నిష్పన్నము చేయుదురు. మనుష్యశిశువును బక్షులు గాచిన కథ యిది. రోమకుల యైతిహ్యమున రోములుసు, రేముసు అను కవలలకు నాఁడుతోఁడేలు చన్నిచ్చెననియు, వడ్రంగిపిట్ట యాహారము తెచ్చెననియుఁ జెప్పుదురు. దేశము లెంత దూరమైనను, వంశకర్తకో వంశకర్త తల్లికో మృగపక్షులు పోషకులగుట యొకటే.

ఆ పర్వముననే కణ్వుఁడు, శరీరమిచ్చినవాఁడు, ప్రాణమిచ్చినవాఁడు, అన్నమిచ్చినవాఁడు అని తండ్రులు ముగ్గు రని ధర్మమును జెప్పును. మనువు పేర్కొన్న పండ్రెండువిధముల పుత్రులలోఁ గృత్రిముఁడును, తల్లిదండ్రులు విడువఁగా నొరులు గ్రహించిన యపవిద్ధుఁడును గలరు. కావున శకుంతలకుఁ గణ్వుఁడు తండ్రియగుటయు, లేడికూనకు శకుంతల తల్లియగుటయు నొక్క న్యాయమునకు లోఁబడినవి. కాళిదాసుఁడు మొదటి యంకమున ననసూయచేఁ, విడువఁబడిన శకుంతల శరీరమును సంవర్ధనము చేయుటచేఁ గాశ్యపుఁ డామెకుఁ దండ్రి యని చెప్పించినాఁడు. సంవర్ధన, పరివర్ధిత శబ్దములకు ధాతు వొకటే. కణ్వుఁడు శకుంతలను బెంచెను, శకుంతల కూనను బెంచెను, ఆమె పోఁగా నా కూన భారము మరలఁ గణ్వునిపైఁ బడెను.

మూలమున నున్న పక్షులను గాళిదాసుఁడు జన్మకథనుండి తొలఁగించినాఁడు. ఏల? పక్షులు కాచుట యద్భుతము. అద్భుతమును బట్టి రాజును దప్పుపట్టలేము. లేడికూనకుఁ జామలు పెట్టుట నిత్యకృత్యము. దాని నెఱుఁగకుండుటకు రాజునకు సాకు లేదు. జన్మకథనుండి తొలఁగిన పక్షి యైదవ యంకమున రాజు నోటఁ గోకిలయై, నిందయై మరల వచ్చినది. మూలమున రక్షకమైన పక్షి యిచ్చట నపవాదసాధన మగుట కవి చేసిన మార్పులలో నెల్లఁ దీక్ష్ణమైనది.

5. భరతోపాఖ్యానము

ఇచ్చటఁ బౌరాణికులు చేయు నాక్షేప మొకటి గలదు. భాగవతము పంచమస్కంధమున, ఋషభుని కుమారుఁడగు భరతుఁడు, సింహగర్జనమునకు బెదరి నదిని దాఁటఁబోయిన గర్భిణియైన లేడినుండి జాఱి నీటఁ బడిన పిల్లను గాపాడి పెంచి, దానియందలి సంగముచే మరుజన్మమున లేడియై పుట్టెను. విష్ణుపురాణమునను ఈ కథ గలదు. మన భాష కీ స్కంధమును దెచ్చినవాఁడు గంగన. ఈ కథనుబట్టి మృగపోషణము బంధహేతువని బాలురకు బోధించుట కలదు. అట్లయిన శకుంతల చేసినదియు దోషమేనా?

పురాణమును శ్రద్ధతోఁ జదివినవారి కట్లు తోఁపదు. నీటినుండి పిల్లను దీయుట దోషమని యచ్చట లేదు. శరణాగతమైనదాని నుపేక్షింపరాదను విచారముతోనే యాతఁడు దానిని గ్రహించెను. స్వనియమములు క్రమముగా లోపించుటయు, ప్రాణప్రయాణకాలమున మనస్సు దానియందే లగ్నమగుటయు దోషముగాఁ జెప్పఁబడినవి. పోషణము వేఱు, సంగము వేఱు. శాకుంతలమున శకుంతల యేడ్చినను నిలువలేదు. కూనను దండ్రి కప్పగించి కదలినది. పోషించుటయు నేర్చి, విడుచుటయు నేర్చిన యామె భరతునికంటె నీవిషయమున నొకమెట్టు పైన నున్నది. ఈ భరతుఁడును శకుంతల కొడుకు భరతుఁడును వేర్వేఱని విద్యార్థులకు బోధకులు స్పష్టముగాఁ జెప్పవలయును. పే రొకటగుటచే నీ రెండు కథలును దఱచు కలసిపోవుచున్నవి.

6. భవభూతి

విడుచుట పోషణమునందలి భాగమే యని భవభూతి మఱింత విశదముగాఁ జూపినాఁడు. ఉత్తరరామచరితము మూఁడవ యంకమున, సీత పూర్వము తన చేతులతో సల్లకీపల్లవములు, అనఁగా నందుగుచిగుళ్లు, పెట్టి పెంచిన యేనుఁగుగున్న పండ్రెండేండ్లకుఁ బిదపఁ బ్రాయమువచ్చి, జతతోఁ గూడి, యడవియందుఁ దిరుగుచుండును. వేఱొక మదగజము దానిపైఁ బడినదని వినఁగానే సీత తన కొడుకును గావుమని రాముని బిలుచును. అది గెలిచినదని తెలిసినపిదప, నింత పెరిగినదా యని యాశ్చర్యపడి, కుశలవులు నెట్లుందురో యని తలంచును. భవభూతియు దానిని గలభకమనియే 'క' ప్రత్యయముతోఁ బిలిచినాఁడు. పెంచినది తిరిగి యడవిదై, తనదైన జతతో బ్రతుకుట పోషణమునకు ఫలము.

ఆఫ్రికాఖండమునఁ గెన్యాదేశమున డాఫ్నే షెల్డ్రిక్ (1934–2018) అను నామె యేనుఁగుగున్నలను బెంచుటకుఁ బెక్కేండ్లు శ్రమించినది. ఆవుపాల కొవ్వు గున్నలకు సరిపడక, కొబ్బరినూనె చేర్చిన పాలతో నామె తుదకుఁ గృతకృత్య యైనది. 1974వ సంవత్సరమున నట్లు పెంచిన ఆయిషా యను గున్న, యామె కొమార్తె వివాహమునకై కొలఁదిదినములు దూరముగాఁ బోఁగా, బెంగతో నాహారము మాని చనిపోయెను. అప్పటినుండి యొక్కరికే యలవాటుపడకుండఁ బెక్కురు పోషకులు వంతులవారీగాఁ జూచుట నియమమైనది. పెరిగినవానిని సావో యడవులలో విడుచుచున్నారు. సంగము పోషకునకే గాదు, పోషితమునకును బ్రాణాంతకము గావచ్చునని యీ వృత్తాంతము తెల్పుచున్నది. దీనిని దెలిసి నాలుగవ యంకమును జదువుఁడు. నేను లేకున్నను దండ్రి నిన్నుఁ జూచుకొనునన్న శకుంతల మాట కేవలము నూఱడింపు గాదు. కూన బ్రతుకుట కామె చేసిన యేర్పాటు. ఆశ్రమమున బోషకు లొక్కరు గారు.

7. ఉపసంహారము

తక్కిన రెండంకములలో నీ సూత్రమెట్లు ముగిసినదో చూతము. ఆఱవ యంకమున నుంగరము చూచి జ్ఞప్తి వచ్చినపిదప, రాజు చిత్తరువున నింకను వ్రాయవలసినది చెప్పుచు, కృష్ణమృగము కొమ్మునకు నెడమకన్ను నొఱయుచున్న యాఁడులేడిని వ్రాయఁగోరును. కొమ్ముమొనకుఁ గంటిని ఒప్పగించుట పరమమైన నమ్మకము. మొదటి యంకమున లేడిని వేఁటాడినవాఁ డైదవ యంకమున నీరు త్రావిన లేడిమాట నవ్వులపాలుచేసి, యాఱవ యంకమున నమ్మిన లేడిని గుంచెతో వ్రాయుచున్నాఁడు. ఉంగరమువలనఁ దెలిసినది శకుంతల యెవ్వరో. లేడివలనఁ దెలిసినది తాను పోఁగొట్టుకొన్న దేదో.

ఏడవ యంకమున సర్వదమనుఁడు తల్లిచన్ను సగము త్రావిన సింహపుఁగూనను లాగుచుండును. బిడ్డలకంటె వేఱుగాఁ జూడని మృగములను బాధింతువా యని తాపసి మందలించును. విడువనిచోఁ దన పుత్రకునికై సింహము పైఁబడునని బెదరించును. మరల నదే పుత్రకశబ్దము, అదే 'క'. ఆ బాలుఁడు మారీచాశ్రమమున నొరులచేతులలోఁ బెరుగుచున్న దుష్యంతుని కొడుకు. కోకిలపిల్ల యని సభలో నిందించిన రాజు, తన కొడుకే పరభృతుఁడై, పరుల గూటఁ బెరుఁగుటను గన్నులారఁ గాంచినాఁడు. ఇంతకంటె న్యాయమైన శిక్షను గవి విధింపలేఁడు. ఇంతకంటె మృదువైన శిక్షయు లేదు.

తుదకు మారీచుఁడు, లోకమును భరించుటచే నీ బాలునకు భరతుఁడను పేరు గలుగునని చెప్పును. భరణమునకును బరభృతశబ్దమునకును ధాతు వదియే భృఞ్. ఐదవ యంకమున నిందగా వచ్చిన ధాతువు ఏడవ యంకమున బిరుదమైనది. ఒరులచే భరింపఁబడినవాఁడే లోకమును భరించువాఁ డగును. పరభృతుఁడు పరభృత్తయ్యెను. పిడికెఁడు చామలతో మొదలైన భరణము భూమండలభరణముతో ముగిసినది.

కావున శాకుంతలమును బోధించువారు లేడికూనను ముచ్చటగాఁ జెప్పి విడువక, కణ్వుని శ్లోకమును, దీర్ఘాపాంగవృత్తాంతమును, కోకిలవాక్యమును, భరతనామనిర్వచనమును నొక్క వరుసను జేర్చి చెప్పుదురేని, రాజు దోష మెచ్చటనుండి మొదలై యెచ్చట శాంతించినదో విద్యార్థులకుఁ దేటపడును. పుత్రకృతకశబ్దమునకు నేఁ జెప్పిన వ్యుత్పత్తియందు లోపము దోఁచినచో శాబ్దికులు నిస్సంకోచముగాఁ జర్చింతురుగాక. వ్యుత్పత్తి యెట్లున్నను, చేతఁ బుట్టిన బంధుత్వము పుట్టుకచే వచ్చిన బంధుత్వమునకుఁ దక్కువ గాదను నర్థమును మాత్ర మీ నాటకమునుండి యెవ్వరును దొలఁగింపలేరు.